హెమిస్ కొండల్లో చూపుల వేట

1973లో అమెరికా రచయిత పీటర్ మాథిసెన్, జంతుశాస్త్రవేత్త జార్జ్ షాలర్‌తో కలిసి నేపాల్‌లోని డోల్పో కొండలెక్కాడు. షాలర్ పని నీలి గొర్రెల మీద. మాథిసెన్ ఆశంతా మంచు చిరుత మీద. రెండు నెలలకు పైగా తిరిగితే రచయితకు దక్కింది మంచులో పాదాల గుర్తులు, దారి పక్కన ఎండిన పెంట. జంతువు మాత్రం కంటపడలేదు. అయినా 1978లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ద స్నో లెపర్డ్’. కనబడని జంతువు పేరు పెట్టుకున్న ఆ పుస్తకానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

ఇప్పుడు జనవరి వచ్చిందంటే చాలు, అదే జంతువు కోసం లద్దాఖ్ విమానమెక్కేవాళ్లున్నారు. లండన్ నుంచి వస్తారు, బెంగళూరు నుంచి వస్తారు, హైదరాబాద్ నుంచీ వస్తారు. వారం పది రోజులు ఓపిక పట్టినవాళ్లలో చాలామంది చూసే తిరిగొస్తున్నారు. ఈ యాభై ఏళ్లలో మంచు చిరుత మచ్చికైందీ లేదు, కొండల ఎత్తు తగ్గిందీ లేదు. పెరిగిందల్లా చూపించడం తెలిసిన మనుషులు. వాళ్లెక్కణ్నుంచో దిగినవాళ్లు కారు. నిన్నమొన్నటిదాకా చిరుత మేకల్ని చంపిపోతే శాపనార్థాలు పెట్టిన కుటుంబాల పిల్లలే.

చెట్లు లేని అడవి

లేహ్ పట్టణంలో నిలబడి దక్షిణం వైపు చూస్తే సింధు నది అవతల తెల్లటి శిఖరాల వరుస కనిపిస్తుంది. అవి స్టోక్ కొండలు. వాటి వెనక పరుచుకున్నదే హెమిస్ జాతీయ పార్కు. 17వ శతాబ్దం నాటి హెమిస్ బౌద్ధారామం పేరే దీనికీ వచ్చింది. 1981లో రుంబక్, మార్ఖా లోయలతో సుమారు 600 చదరపు కిలోమీటర్లలో మొదలైన పార్కు, తర్వాత విస్తరిస్తూ 4,400 చదరపు కిలోమీటర్లకు చేరింది. దేశంలోని జాతీయ పార్కుల్లోకెల్లా పెద్దదని దీన్నే చెబుతారు. లోయల అడుగు 3,000 మీటర్ల పైమాటే. పార్కులోని స్టోక్ కాంగ్రి శిఖరం 6,100 మీటర్లు దాటుతుంది.

అడవి అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు టేకు చెట్లో, వెదురు పొదలో మెదులుతాయి. ఇక్కడ అలాంటివేమీ ఉండవు. హిమాలయాలు వాన మేఘాల్ని అవతలే ఆపేస్తాయి. లేహ్‌లో ఏడాది పొడవునా కలిపి పడే వాన 100 మిల్లీమీటర్లు. కోస్తాలో తుఫాను పట్టిందంటే ఒక్కరోజులో అంతకంటే ఎక్కువ కురుస్తుంది. అందుకే వాగుల వెంబడి కొన్ని విల్లో, పోప్లర్ చెట్లు, ముళ్లపొదలు తప్ప మిగతాదంతా రాయే. గోధుమరంగు, ఊదారంగు, బూడిదరంగు కొండచరియలు. ఆ రాళ్ల మధ్యే నీలి గొర్రెలు, యూరియల్ అనే అడవి గొర్రెలు, తోడేళ్లు, నక్కలు, మంచు కోళ్లు, గడ్డపు రాబందులు, బంగారు గద్దలు బతుకుతాయి. మంచు చిరుత ఈ లోకానికి దొర.

ఇంకో విశేషం, పార్కు లోపల ఊళ్లున్నాయి. రుంబక్, యురుత్సే, స్క్యూ, కాయా, మార్ఖా. బార్లీ, బఠాణీ పండించుకుని, మేకలు, గొర్రెలు, జడల బర్రెలు మేపుకునే చిన్న చిన్న పల్లెలు. పార్కు పుట్టకముందు నుంచీ ఉన్న ఊళ్లవి. కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

చలి ముదిరాకే సీజన్

లద్దాఖ్ అంటే మనవాళ్లకు వేసవి యాత్ర. బైకులు, పాంగాంగ్ సరస్సు, జూన్, జులై. మంచు చిరుతను చూడాలంటే లెక్క తిరగబడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పడిపోయే రోజుల్లో వెళ్లాలి.

దానికి కారణాలున్నాయి. పైన మంచు పేరుకుపోతే నీలి గొర్రెలు మేత కోసం కిందికి దిగుతాయి. వాటి వెనకే చిరుత దిగుతుంది. పైగా అది జత కట్టే కాలం. ఏడాదంతా ఒంటరిగా తిరిగే జంతువు అప్పుడు ఎక్కువగా సంచరిస్తుంది, రాళ్ల మీద వాసన గుర్తులు వదులుతుంది, సంధ్యవేళ లోయలు మారుమోగేలా అరుస్తుంది. పులిలా గాండ్రించడం దీనికి రాదు. ఆ అరుపు సాగదీసిన ఏడుపులా ఉంటుంది. అన్నిటికీ మించి, కొత్తగా పడిన మంచు మీద రాత్రి నడిచిన జాడ పొద్దున్నే స్పష్టంగా కనబడుతుంది.

జంతువు చూస్తే మహా పెద్దదేం కాదు. బాగా ఎదిగిన మగది 50 కిలోలు, అంటే పులి బరువులో పావు వంతు. తోక మాత్రం దాదాపు మీటరు పొడవు. నిట్టనిలువు చరియల మీద దూకేటప్పుడు ఒళ్లు తూలకుండా కాసేది ఆ తోకే. పడుకున్నప్పుడు శాలువాలా ముఖం చుట్టూ కప్పుకునేదీ దాన్నే. వెడల్పాటి పంజాలు మంచులో దిగబడవు. అడుగు భాగంలోనూ బొచ్చుంటుంది. తనకంటే మూడింతలు బరువున్న జంతువునూ పడగొట్టగలదు.

స్కోపుకు కన్నానించి

లేహ్ నుంచి బండి జింగ్‌చెన్ వైపు ఇరుకైన లోయలోకి వెళ్తుంది. అక్కణ్నుంచి గడ్డకట్టిన వాగు పక్కన రుంబక్ వైపు నడక. సామాన్లు గుర్రాల మీదో, గాడిదల మీదో వస్తాయి. కొందరు లోయలో డేరాల్లో దిగుతారు, కొందరు రుంబక్‌లో ఎవరింట్లోనో బస చేస్తారు.

అతిథులు దుప్పట్లలోంచి బయటపడక ముందే స్పాటర్లు లేస్తారు. స్పాటర్ అంటే కొండల్ని కళ్లతో గాలించడమే పనిగా పెట్టుకున్న మనిషి. తెల్లారకముందే ఎత్తయిన గట్టుకు చేరి, ముక్కాలిపీట మీద స్కోపు బిగిస్తారు. దూరాన్ని ఇరవై నుంచి అరవై రెట్లు దగ్గరగా చూపించే దుర్భిణి అది. మొదట కొండ అంచును ఓ కొస నుంచి ఇంకో కొస దాకా చూస్తారు. తర్వాత చరియల అడుగు. తర్వాత ఎండ ముందుగా తగిలే బండలు. మళ్లీ మొదటికి. చేతివేళ్లు కొంకర్లు పోతున్నా అలా గంటలకు గంటలు.

కళ్లు ఒక్కటే చాలవు. ఆనవాళ్లు చదవడం రావాలి. ముందుకు వాలిన బండరాయి కింద చిరుత వాసన చిమ్మిపోతుంది, పక్కనే వెనక్కాళ్లతో నేలను గీరిపోతుంది. గైడ్లు ఆ రాయికి ముక్కానించి వాసన తాజాదా, పాతదా చెబుతారు. నీలి గొర్రెల మంద మేత ఆపేసి అన్నీ ఒకే వైపు చూస్తూ నిలబడితే అటువైపు ఏదో ఉన్నట్టే. చురుక్కుమనే ఈల లాంటి వాటి హెచ్చరిక వినబడితే అనుమానమే అక్కర్లేదు. కాకులు, మాగ్‌పైలు ఒకచోట గుమిగూడి, పైన రాబందు తిరుగుతుంటే అక్కడ వేట పడిందన్నమాట. అదే అన్నిటికంటే మంచి కబురు. ఒక నీలి గొర్రెను పడగొట్టిన చిరుత మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం దాకా ఆ చుట్టుపక్కలే ఉండి తింటుంది.

వాకీటాకీలో రెండు ముక్కలు వినబడగానే డేరాలో తాగుతున్న టీ గ్లాసులు అక్కడే ఉండిపోతాయి. ఆయాసపడుతూ గట్టెక్కి స్కోపులో కన్నుపెట్టిన కొత్తవాడికి రాళ్లు తప్ప ఏమీ కనబడవు. “సార్, ఆ నల్ల బండ చూడండి. దాని మీద తెల్ల చార ఉంది కదా, చార చివర్నుంచి కుడికి రండి” అంటాడు గైడు. మళ్లీ రాళ్లే. అంతలో ఆ రాళ్లలో ఒకటి తోక ఆడిస్తుంది. పొగరంగు ఒంటి మీద నల్లటి గుండ్రటి మచ్చలు అప్పుడు విడిగా తెలుస్తాయి. అంతసేపూ ఎదుటే ఉన్నది కొత్తవాడి కంటికి ఆనలేదు.

చాలాసార్లు ఆ దూరం అరకిలోమీటరు, ఒక్కోసారి కిలోమీటరు పైనే. జంతువు రోజంతా బండ మీద నిద్రపోవచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎదుటి గట్టు మీద చలికి వణుకుతూ అది లేచేదాకా కాపు కాస్తారు. పొద్దు వాలాక అది లేచి, ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుని, ఒక రాయిని వాసన చూసి అంచు దాటి వెళ్లిపోతుంది. పులుల సఫారీలో జీపు పక్కనుంచి పులి నడిచిపోవడం చూసినవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు. ఇక్కడ మనుషులున్నారని ఆ జంతువుకు పట్టనైనా పట్టదు. ఈ టూర్లలో మెచ్చుకోవలసింది అదే.

మేకలు పోయిన పల్లెలో

రాత్రి దొడ్డి గోడ దూకి లోపల పడ్డ మంచు చిరుత ఒక్క మేకతో ఆగదు. బయటికి పారిపోయే దారిలేక మంద కలియబడుతుంటే, కదిలిన ప్రతిదాన్నీ చంపుతుంది. తెల్లారి తలుపు తీస్తే పదుల సంఖ్యలో కళేబరాలు. ఆ కుటుంబానికి ఏడాది ఆదాయం, పాలు, ఉన్ని అన్నీ ఒక్క రాత్రిలో పోయినట్టే. పరిహారం కోసం అర్జీ పెట్టుకుంటే డబ్బు ఎప్పటికి వస్తుందో తెలియదు. ఆ కడుపుమంటతో దొడ్డిలోనే చిరుతను రాళ్లతో కొట్టి చంపిన రోజులున్నాయి.

ఈ ముడి విప్పే దారి వెతికినవాడు లద్దాఖీ పర్వతారోహకుడు రిన్‌చెన్ వాంగ్‌చుక్. విద్యా ప్రయోగాలతో మనకు తెలిసిన సోనమ్ వాంగ్‌చుక్ వేరు, ఈయన వేరు. 1980ల్లో నేపాల్‌లో మంచు చిరుతలకు రేడియో కాలర్లు కట్టి అధ్యయనం చేసిన రాడ్నీ జాక్సన్ 2000లో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ పెట్టాడు. దాని భారత శాఖను రిన్‌చెన్ నడిపాడు. మొదట చేసింది చాలా మామూలు పని. దొడ్డి గోడలు ఎత్తు చేసి, పైన ఇనుప వల పరిచి, సందుల్లేని తలుపు పెట్టించడం. చిరుత లోపలికి రాలేకపోతే గొడవే లేదు.

రెండోది హోమ్‌స్టే. 2002లో యునెస్కో సాయంతో రుంబక్ లోయలో ‘హిమాలయన్ హోమ్‌స్టేస్’ మొదలైంది. అంతకుముందు మార్ఖా లోయలో నడిచే ట్రెక్కర్లు లేహ్ నుంచే డేరాలు, వంటవాళ్లు, సరుకులు తెచ్చుకునేవారు. ఊరి పచ్చికలో గుర్రాలు మేపుకుని, చెత్త వదిలిపోయేవారు. ఊరికి పైసా మిగిలేది కాదు. ఇప్పుడు అతిథి ఊళ్లోనే ఉంటాడు. ఏ ఇంట్లో దిగాలన్నది వంతుల ప్రకారం ఊరే నిర్ణయిస్తుంది. ఈసారి ఒకరిల్లు, మరోసారి పక్కిల్లు. వచ్చిన డబ్బులో కొంత ఊరి ఉమ్మడి నిధికి వెళ్తుంది. ఆ డబ్బు ఎక్కువగా చేరేది వంటింటి యజమానురాలి చేతికి.

ఆ వంటిల్లే ఇంట్లో అందమైన గది. ఒక గోడ పొడవునా చెక్క అరల్లో రాగి, ఇత్తడి గిన్నెలు వరసగా తళతళలాడుతుంటాయి. మధ్యలో పొయ్యి, అందులో ఎండు పిడకలు. గోడవారగా పరిచిన తివాచీల మీద కూర్చుంటే ముందు ఉప్పు వేసిన వెన్న టీ వస్తుంది. మొదటి గుక్కకు మనవాళ్లెవరైనా ముఖం చిట్లిస్తారు, మూడో కప్పుకు అలవాటు పడతారు. తర్వాత వేడివేడి తుక్పా, లేదంటే గోధుమ పిండి ముద్దలు, దుంపకూరలు కలిపి ఉడికించిన స్క్యూ. మరుగుదొడ్డి పై అంతస్తులో ఉంటుంది. నీళ్లుండవు, పక్కనే మట్టిగుట్ట, పార. కిందపడ్డది వేసవిలో పొలానికి ఎరువు. కుళాయిలు గడ్డకట్టే ఊళ్లో అంతకంటే తెలివైన ఏర్పాటు ఉండదు.

రిన్‌చెన్ 2011లో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పద్ధతి రుంబక్ దాటి లద్దాఖ్‌లోని చాలా పల్లెలకు పాకింది. పార్కు బయట, లేహ్‌కు పడమరన ఉన్న ఊలే అనే చిన్న ఊరు ఇప్పుడు మంచు చిరుతల పేరుతోనే ప్రపంచానికి తెలుసు.

లెక్కలు, చిక్కులు

భారత ప్రభుత్వం 2009లో ‘ప్రాజెక్ట్ స్నో లెపర్డ్’ ప్రారంభించింది. అయినా దేశంలో అసలు ఎన్ని ఉన్నాయో చాలాకాలం అంచనాలే తప్ప లెక్క లేదు. 2019 నుంచి 2023 దాకా ఆటోమేటిక్ కెమెరాలతో చేసిన తొలి సమగ్ర గణన ఫలితాలు 2024 జనవరిలో బయటికొచ్చాయి. మొత్తం 718. అందులో 477 ఒక్క లద్దాఖ్‌లోనే. ఉత్తరాఖండ్‌లో 124, హిమాచల్‌లో 51, అరుణాచల్‌లో 36, సిక్కింలో 21, జమ్మూకశ్మీర్‌లో 9. మూడింట రెండు వంతులు ఉన్నచోటే చూసే అవకాశమూ ఎక్కువ.

అలాగని టూరిజం అన్నిటికీ మందు అనుకుంటే పొరపాటు. పర్యాటకుల డబ్బు అందుతున్నది కొన్ని లోయలకే. టూరిస్టు మొహం చూడని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడా చిరుత మేకల్ని తింటుంది, నష్టం మాత్రం ఊరిదే. పేరున్న చోట్ల చిక్కు వేరు. ఒక లోయలో జంతువు కనబడిందన్న కబురు ఫోన్లలో పాకగానే బళ్లు బారులు తీరతాయి. ఇంకా దగ్గరి ఫొటో కావాలని గైడు మీద ఒత్తిడి తెచ్చే కెమెరా రాయుళ్లుంటారు. వేట మీద ఉన్న చిరుతను బెదరగొడితే, అంత చలిలో సంపాదించుకున్న తిండి వదిలి పోతుంది. మళ్లీ వేట దొరికేదాకా పస్తే. ఊరి మీద పడే చెత్త, ఆ చెత్త తిని పెరిగే వీధికుక్కల గుంపులు మరో తలనొప్పి. ఆ కుక్కలు అడవి జంతువుల్నీ, మేకల్నీ వేటాడుతున్నాయి.

డబ్బు ఎవరికి చేరుతుందన్నదీ అడగవలసిన ప్రశ్నే. సంస్థల ప్యాకేజీలు మనిషికి లక్ష రూపాయలు దాటడం మామూలు. అందులో ఊరికి చేరేదెంత, నగరంలోని ఆఫీసులో ఆగిపోయేదెంత అన్నదాన్ని బట్టే ఆ టూరు మంచి చెడ్డలు తేలతాయి. చిరుత కనబడిందా లేదా అన్నది రెండో మాట. రుంబక్ పద్ధతి నిలబడిందంటే వంతులు, ఉమ్మడి నిధి ఉండబట్టే.

వెళ్లాలనుకుంటే

సముద్రమట్టానికి దగ్గరగా బతికే విజయవాడ, విశాఖ వాళ్లకు ఇక్కడ మొదటి శత్రువు చలి అనిపిస్తుంది. అసలు శత్రువు ఎత్తు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగిన మనిషి ఒంటికి అలవాటు పడే వ్యవధి ఉండదు. కనీసం రెండు రోజులు లేహ్‌లోనే ఉండి, నీళ్లు ఎక్కువ తాగి, మెట్లెక్కడం కూడా తగ్గించాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. కూర్చున్నా ఊపిరాడకపోతే, నడక తూలుతుంటే అది ప్రమాద సంకేతం. వెంటనే వైద్యం అందాలి, కిందికి దిగాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎత్తుకు వాడే మందులు కూడా డాక్టరు చెబితేనే.

చేతిలో ఎనిమిది నుంచి పన్నెండు రోజులుండాలి. అంతకంటే తక్కువ రోజుల్లో “గ్యారంటీగా చూపిస్తాం” అనేవాళ్లను నమ్మొద్దు. అడవి జంతువు విషయంలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి. చలికి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి కనుక రాత్రి వాటిని దుప్పట్లోనే పెట్టుకోవాలి. పెద్ద లెన్సు లేకపోయినా దిగులక్కర్లేదు, స్కోపులో చూసే దృశ్యానికి చాలా కెమెరాలు సాటిరావు.

డబ్బు కట్టేముందు టూర్ సంస్థను నాలుగు ప్రశ్నలు అడగండి. గైడు, స్పాటర్లు ఆ ఊరివాళ్లేనా? బస పల్లె ఇళ్లలోనా, బయటినుంచి తెచ్చిన డేరాల్లోనా? ఒక గుంపులో ఎంతమంది? జంతువు కనబడ్డాక ఎంత దూరంలో ఆగుతారు? జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోండి. రుంబక్ లాంటి ఊళ్లలో ఇళ్లు తక్కువ, గదులు ఇంకా తక్కువ. రాబోయే ఫిబ్రవరిలో వెళ్లాలనుకునేవాళ్లు దసరా నాటికే మాట్లాడిపెట్టుకోవడం మంచిది.